పరదేశికి గుమ్మములో అన్నమా, బల్లయొద్ద చోటా?

వాక్యభాగములు: లేవీయకాండము 19:33, 34, లూకా 10:25–37, ఎఫెసీ 2:19



ప్రియులారా, ఈ దినము మనము ధ్యానించబోయే మాట ‘పరదేశి’. ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ధర్మశాస్త్రములో విధవరాలిని, తండ్రిలేని వానిని జ్ఞాపకము చేసిన చోటనెల్లా పరదేశిని కూడా జ్ఞాపకము చేయడము మీరు గమనించే ఉంటారు. లేవీయకాండములో దేవుడు అంతకంటె ఇంకొక అడుగు ముందుకు వేశాడు. పరదేశిని బాధపెట్టవద్దు అని చెప్పి ఊరుకోలేదు, మీ మధ్య పుట్టినవానితో సమానముగా అతనిని చూడుమన్నాడు, నిన్ను నీవు ప్రేమించుకొన్నట్టే ప్రేమించుమన్నాడు. కారణము కూడా చెప్పాడు: మీరును ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులే కదా!

ఈ ఆజ్ఞను క్రైస్తవ సంఘములు, క్రైస్తవ సేవాసంస్థలు ఎంతవరకు నెరవేర్చాయి? ఈ ప్రశ్నకు జవాబు కొరకు ముందుగా దూరదేశములోని ఒక జనాంగమును చూద్దాము. తరువాత మన తెలుగు నేలకు, మన వీధికి వద్దాము.

‘రోమా’ ప్రజలు ఎవరు?

రోమా అనగానే మనకు పౌలు భక్తుడు వ్రాసిన పత్రిక, రోమా పట్టణము జ్ఞాపకము వస్తాయి. ఐరోపాలో ‘రోమా’ అని పిలువబడే ప్రజలకు ఆ పట్టణముతో సంబంధము లేదు. ఇంచుమించు వెయ్యి సంవత్సరముల క్రితము మన దేశపు ఉత్తర భాగము నుండి బయలుదేరి, పారశీక దేశము, అర్మేనియా, గ్రీసు మీదుగా ఐరోపా చేరినవారి సంతానము వారు. వారు ఐగుప్తు నుండి వచ్చారని పొరబడి అక్కడివారు ‘జిప్సీలు’ అని పేరు పెట్టారు. 1780లలో జర్మన్ పండితులు వారి మాటలను పరిశీలించి, ఇది భారతదేశపు భాష అని తేల్చారు. వారు ఒకటిని ‘ఎఖ్’ అంటారు, పదిని ‘దెష్’ అంటారు, ముక్కును ‘నఖ్’ అంటారు, నీళ్ళను ‘పానీ’ అంటారు. నల్గొండ తండాలోని లంబాడీ అవ్వ, ఐరోపాలోని రోమా అవ్వ దాహానికి అడిగే మాట ఇంచుమించు ఒక్కటే! నేడు ఐరోపాలో రోమా ప్రజలు కోటి మందికి పైగా ఉన్నారని అంచనా.

వారి చరిత్ర కన్నీటి చరిత్ర. నేటి రొమేనియాలో భాగమైన వల్లాకియా, మోల్దావియా రాజ్యములలో వారు దాదాపు 500 సంవత్సరములు బానిసలుగా అమ్మబడ్డారు, కొనబడ్డారు. ప్రియ చదువరీ, ఇక్కడ మనము సిగ్గుతో తల వంచుకోవాలి. ఆ బానిసల యజమానులలో రాజులు, జమీందారులు మాత్రమే కాదు, క్రైస్తవ మఠములు కూడా ఉన్నాయి. మఠముల చేతిలోని బానిసలకు మోల్దావియాలో 1844లో, వల్లాకియాలో 1847లో విడుదల దొరికింది. మిగిలినవారికి 1855, 1856 సంవత్సరములలో దొరికింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో హిట్లరు ప్రభుత్వము యూదులతోపాటు లక్షలాది రోమా ప్రజలను కూడా చంపించింది. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్‌విట్జ్‌లో ఒక్క రాత్రే వేలమంది స్త్రీలను, పిల్లలను, వృద్ధులను విషవాయువు గదులకు నడిపించారు. 2019 జూన్ 2న పోప్ ఫ్రాన్సిస్ రొమేనియాలోని బ్లాజ్ పట్టణములో రోమా ప్రజల ఎదుట నిలబడి, సంఘము పేరట క్షమాపణ అడిగారు.

2007లో రొమేనియా, బల్గేరియా దేశములు ఐరోపా యూనియన్‌లో చేరిన తరువాత అనేక రోమా కుటుంబములు పని వెదకుకొంటూ పశ్చిమ దేశములకు వలస వెళ్ళాయి. వంతెనల క్రింద, ఊరి చివర ఖాళీ స్థలములలో గుడారములు వేసుకొన్నాయి. 2010 వేసవిలో ఫ్రాన్సు ప్రభుత్వము ఆ గుడారములను పడగొట్టించి అనేకులను తిరిగి పంపివేసింది.

ఇట్టి పరిస్థితిలో క్రైస్తవ సంస్థలు ఏమి చేశాయి? నార్వే రాజధాని ఓస్లోలో చర్చ్ సిటీ మిషన్ అనే సంస్థ వారికి రాత్రి తలదాచుకొనే చోటు, స్నానము చేసే వసతి కల్పించింది. పరాయి ఊరిలో చలిలో పడుకొనే తల్లికి ఇది చిన్న సహాయము కాదు. ఫ్రాన్సులో 1950లలోనే క్లెమాఁ ల కొస్సెక్ అనే పెంతెకోస్తు సేవకుడు వేరొక మార్గము చూపించాడు. రోమా ప్రజలకు తానే ఎల్లకాలము కాపరిగా ఉండిపోలేదు. వారిలోనుండే బోధకులను లేపి, వారికి వాక్యము నేర్పించి, సంఘములను వారి చేతికే అప్పగించాడు. బండ్లలో తిరిగే ఆ జనుల మధ్య వారి సొంత కాపరులు లేచారు. దుప్పటి ఇవ్వడము ప్రేమే. అయితే ప్రసంగ వేదికను అప్పగించడము అంతకంటె గొప్ప ప్రేమ.

మన తెలుగు నేలమీద సంగతి

“అయ్యగారూ, ఐరోపా సంగతి చిక్కడపల్లిలో ఉన్న మాకెందుకు?” అని మీరు అడగవచ్చు. ఇదే ప్రశ్న మన తాతల కాలములో మన గడ్డమీదనే లేచింది గనుక.

ఎరుకలవారిని మీరు ఎరుగుదురు. బుట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు. ఒకప్పుడు వారు గాడిదలమీద, ఎడ్లమీద సముద్రతీరపు ఉప్పును లోపలి ఊళ్ళకు మోసుకొని వెళ్ళి, ధాన్యము మార్పిడి చేసుకొని వచ్చే వర్తకులు. లంబాడీలు కూడా అలాగే వేలాది ఎడ్లతో సైన్యములకు ధాన్యము చేరవేసినవారు. మన బంజారా హిల్స్‌కు పేరు వారినిబట్టే వచ్చింది. 19వ శతాబ్దములో రైలు వచ్చింది. ఉప్పుమీద ప్రభుత్వపు పట్టు బిగిసింది. ఎడ్లబిడారు వర్తకము చచ్చిపోయింది. బ్రతుకుదెరువు పోయినవాడు ఊరూరు తిరిగితే, దొరతనము వారికి అతడు అనుమానాస్పదుడుగా కనిపించాడు.

1871లో నేరస్థ జాతుల చట్టము వచ్చింది. 1911లో తెచ్చిన కొత్త చట్టముతో మద్రాసు రాజధాని కూడా దాని క్రిందికి వచ్చింది. ఏదైనా ఒక జాతిని నేరస్థ జాతి అని ప్రకటించితే చాలు, అందులో పుట్టిన శిశువు కూడా పుట్టుకతోనే అనుమానితుడు! పెద్దవారు పోలీసుల యొద్ద పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి. సెటిల్‌మెంటులో ఉంచబడినవారు అనుమతి చీటీ లేకుండా బయటకు పోరాదు. పిల్లలను తల్లిదండ్రుల యొద్దనుండి వేరుచేసి ఉంచడానికి కూడా ఆ చట్టము వీలు ఇచ్చింది.

ఆ సెటిల్‌మెంట్ల నిర్వహణను ప్రభుత్వము ఎవరికి అప్పగించింది? చాలా చోట్ల క్రైస్తవ మిషనరీ సంస్థలకే. బాపట్ల, చీరాల మధ్య 1913–14 ప్రాంతములో సాల్వేషన్ ఆర్మీ, అనగా రక్షణ సైన్యము, ఎరుకలవారి కొరకు ఒక ఊరు కట్టింది. మద్రాసు ప్రభుత్వములో ఉన్నతాధికారియైన హెరాల్డ్ స్టువర్ట్ పేరుమీద దానికి స్టువర్టుపురము అని పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మరొక సెటిల్‌మెంటు నడిపింది. శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ అనేక సంవత్సరములు దాని బాధ్యత వహించాడు.

ఈ సేవకులు చెడ్డవారు కారు. రక్షణ సైన్యమును 1882లో మన దేశమునకు తెచ్చిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఐ.సి.ఎస్. ఉద్యోగము వదులుకొన్నవాడు. కాషాయ వస్త్రము కట్టి, చెప్పులు లేకుండా నడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొన్నవాడు. స్టువర్టుపురములో, కావలిలో మిషనరీలు బడి పెట్టారు, పని నేర్పించారు, రోగులను చూశారు. ఎవరూ దగ్గరకు రానివ్వని జనుల మధ్యకు వారు వెళ్ళారు. ఇందుకు మనము దేవుని స్తుతించాలి.

కాని ఒక సంగతి చూడండి. ఒక చేతిలో బైబిలు, మరొక చేతిలో హాజరు పుస్తకము. ఆదివారము “సహోదరుడా” అని పిలిచిన నోరే సోమవారము “నీ చీటీ ఏది?” అని అడగవలసి వచ్చింది. అన్నము పెట్టే చెయ్యి, తాళము వేసే చెయ్యి ఒక్కటే అయినప్పుడు ఆ అన్నము తినేవాడికి ఎలా ఉంటుంది? ఆశ్రయము అనుకొన్నది కావలి అయిపోయింది. పరదేశిని లోపలికి తెచ్చాము అనుకొన్నారు గాని, ఊరికి వేరుగా ఇంకొక ఊరు కట్టి అతనిని అందులో ఉంచారు.

దాని ఫలితము చట్టము పోయినా పోలేదు. స్వతంత్ర భారతదేశము 1952 ఆగస్టు 31న ఆ జాతులను ఆ ముద్రనుండి విడిపించింది. అందుకే వారిని విముక్త జాతులు అంటారు. అయినను స్టువర్టుపురము అనే పేరు దొంగతనమునకు మారుపేరుగా మిగిలిపోయింది. 1991లో ఒక సినిమా, 2023లో మరొక సినిమా ఆ ఊరి కథమీదనే వచ్చాయి. ఆ ఊరిలో పుట్టి బాగా చదువుకొన్న బిడ్డ కూడా ఉద్యోగ దరఖాస్తులో ఊరి పేరు వ్రాయడానికి జంకే దినములు వచ్చాయి.

తరువాత 1970లలో ఆ ఊరిలోనికి వెళ్ళి, నేరమార్గములో ఉన్నవారితో స్నేహము చేసి, వారి పిల్లల చదువు కొరకు ప్రయాసపడిన వారెవరో తెలుసా? హేమలతా లవణంగారు, ఆమె భర్త లవణంగారు. ఆమె మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె. వారు విజయవాడ నాస్తిక కేంద్రమునకు చెందినవారు. దేవుడు లేడు అనేవారు ఆ పని చేశారు.

ఇప్పుడు లూకా 10వ అధ్యాయము తెరవండి. యాజకుడు ప్రక్కగా వెళ్ళాడు, లేవీయుడు ప్రక్కగా వెళ్ళాడు. గాయములు కట్టినవాడు సమరయుడు. ఆలయములో సేవ చేసేవారు చేయని పనిని, వారు వెలిగా చూసినవాడు చేశాడు. ప్రభువు ధర్మశాస్త్రోపదేశకుని అడిగినట్టు ఈ దినము మనలను అడుగుచున్నాడు: వీరిలో పొరుగువాడు ఎవడు?

మూడు పరీక్షలు

ప్రియులారా, ఈ చరిత్రనుండి మన సేవను పరీక్షించుకోవడానికి మూడు ప్రశ్నలు తీసుకొందాము.

మొదటిది, మన సహాయములో షరతు ఉన్నదా? 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి ఇచ్చాడు. బాప్తిస్మము ఇమ్మని అనేకులు అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కొరకు ఎవరూ క్రీస్తును ఒప్పుకోకూడదని, కరవు సహాయము ముగిసేవరకు బాప్తిస్మములు ఆపివేశాడు. ఆ తరువాతనే, 1878 జూలై 3న వెలుంపిల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. సమరయుడు గాయపడినవానిని “నీవు ఏ మతము?” అని అడగలేదు. మనమును అడగకూడదు.

రెండవది, తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది? సహాయము పొందినవాడు తనకు ఇష్టమైనప్పుడు రావచ్చునా, పోవచ్చునా? “వద్దు” అని చెప్పవచ్చునా? చెప్పలేకపోతే అది సెటిల్‌మెంటు, సహవాసము కాదు.

మూడవది, వారు మాట్లాడే చోటు ఉన్నదా? వారిని గురించి మనము సాక్ష్యము చెప్పుచున్నామా, వారే నిలబడి చెప్పుచున్నారా? మన పెద్దల సభలో, స్త్రీల సమాజములో, సండే స్కూలు ఉపాధ్యాయులలో వారిలో ఎవరైనా ఉన్నారా? ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయము ప్రకారము క్రీస్తునందు పరదేశి అతిథిగా మిగిలిపోడు, ఇంటివాడు అవుతాడు. అతిథికి విస్తరి వేస్తాము. ఇంటివానికి ఇంటి వ్యవహారములో మాట ఉంటుంది.

మన వీధిలో పరదేశి

ఇక మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సంగతి చూద్దాము. నారాయణగూడ చౌరస్తాలో వై.ఎం.సి.ఎ. మీరందరు చూసినదే. ఆ సంస్థ ఎందుకు పుట్టిందో తెలుసా? పల్లెనుండి లండను వచ్చి బట్టల దుకాణములో పనిచేసే జార్జి విలియమ్స్ అనే 22 ఏండ్ల యౌవనస్థుడు, తనవలె ఊరు విడిచి వచ్చిన పనివారి ఒంటరితనము చూసి, 1844 జూన్ 6న కొద్దిమంది స్నేహితులతో దానిని ప్రారంభించాడు. వలస వచ్చినవారి కొరకు వలస వచ్చినవాడే వేసిన పునాది అది.

నేడు మన మధ్య వలస వచ్చినవారు ఎవరు? తెల్లవారుజామున అడ్డామీద పార, తట్ట పట్టుకొని నిలబడే కూలీలు. పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి, ఒడిషా, బీహారు నుండి వచ్చినవారు. పూసలు, పిన్నులు అమ్ముకొనే పిట్టలవారు. గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు. పట్టణములో వారి ఆటకు, పాటకు ఇప్పుడు చూసేవారు లేరు. హుస్సేన్‌సాగర్ నాలా ప్రక్కన రేకుల ఇండ్లలో ఉండేవారు. అశోక్‌నగర్ గదులలో నలుగురైదుగురు కలిసి ఉండి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో ప్రొద్దుటినుండి రాత్రివరకు గ్రూప్స్ పరీక్షలకు చదివే తండా బిడ్డలు. అన్నిటికంటె దగ్గరగా, మన అపార్టుమెంటు సెల్లారులో ఒక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబము.

క్రిస్మసుకు ముందు మనము దుప్పట్లు పంచుతాము. మంచిదే. ఫొటోలు తీసుకొంటాము. కాని డిసెంబరు 25 ఉదయము దుప్పటి తీసుకొన్న ఆ తల్లి మన ఆరాధనకు వచ్చితే ఎక్కడ కూర్చుంటుంది? చెప్పులు విడిచే చోటనా, వెనుక బల్లమీదనా, మీ ప్రక్కననా? యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదివిన మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

మరి ఏమి చేయవచ్చును? చేతనైన కొన్ని పనులు చెబుతాను.

ఊరూరు తిరిగేవారికి, క్రొత్తగా వచ్చినవారికి కాగితము లేకపోవడమే పెద్ద గోడ. ఆధారు, కులధ్రువీకరణ, రేషను, బ్యాంకు ఖాతా, ఒకటి లేకపోతే ఇంకొకటి రాదు. ‘ఒకే దేశం ఒకే రేషన్’ పద్ధతి ప్రకారము ఆహార భద్రత చట్టము క్రింద కార్డు ఉన్నవారు వేరొక రాష్ట్రములో కూడా తమ బియ్యము తీసుకోవచ్చును. ఈ సంగతి చాలామంది కూలీలకు తెలియదు. అసంఘటిత కార్మికుల కొరకు 2021లో ఈ-శ్రమ్ నమోదు వచ్చింది. కట్టడపు పనివారికి సంక్షేమ బోర్డు ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము పుట్టిన తేదీ కాగితము లేదని ఏ పిల్లవానినీ బడిలో చేర్చుకోకుండా పంపివేయరాదు. అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదివే యౌవనస్థులకు ఈ చట్టములన్నీ కంఠతా వచ్చు. ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట సంఘ ఆవరణలో ఒక బల్ల వేసి వారిని కూర్చోబెట్టండి, దరఖాస్తులు నింపి ఇస్తారు. తండానుండి వచ్చిన బిడ్డ తండావారికి సహాయము చేసినప్పుడు దాత ఎవరు, గ్రహీత ఎవరు అనే గోడ దానంతట అదే కూలిపోతుంది.

ఇంకొకటి. మీ సెల్లారులోని కుటుంబమును పేరుపెట్టి పిలవండి. “ఏయ్ వాచ్‌మన్” అని కాదు, అన్నా అని, అమ్మా అని పిలవండి. వారి బిడ్డ ఏ బడిలో చదువుచున్నదో అడగండి. పండుగ దినమున మిగిలిన బిర్యానీని కవరులో క్రిందికి పంపకుండా, మీతో కూర్చుండి తినుటకు పైకి పిలవండి. లూకా 14వ అధ్యాయములో ప్రభువు విందుకు ఎవరిని పిలువుమన్నాడో మీకు తెలుసు. ఆయన పంపుమనలేదు, పిలువుమన్నాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా, మన ప్రభువు కూడా పుట్టినప్పుడు ఆయనకు సత్రములో స్థలము దొరకలేదు. పసిబిడ్డగా ఐగుప్తుకు వలస వెళ్ళాడు. మత్తయి 25వ అధ్యాయములో చివరి తీర్పు దినమున తాను పరదేశిగా మన యొద్దకు వచ్చిన సంగతి ఆయన జ్ఞాపకము చేస్తాడు. ఆ దినమున మనలను రక్షించేది మన సంస్థ రిజిస్టరులోని దుప్పట్ల లెక్క కాదు. ఆయనను ఎక్కడ కూర్చోబెట్టామో ఆయన ఎరుగును.

ప్రార్థించుకొందాము. పరదేశులను కాపాడే తండ్రీ, అన్నము పెట్టే చేతితో తాళము వేయకుండునట్లు మమ్మును కాపాడుము. మా గుమ్మములో నిలిచినవారిని మా బల్లయొద్దకు పిలిచే హృదయము మాకు దయచేయుము. వారి మాటను వినే చెవులు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.